నెత్తి మీద ఆమ్లెట్

పోయిన ఏడాది శ్రావణం నుంచి సంక్రాంతి దాకా నేనొక రిజిస్టరు రాశాను. స్కూల్లో మిగిలిపోయిన పాత హాజరుపట్టీ అది. వెనక పేజీల్లో స్కేలు పెట్టి గడులు గీసుకున్నాను: తేదీ, దిండు, దువ్వెన, బాత్రూము, మొత్తం. రోజూ పొద్దున ఆరింటికి వసారాలో పాత పేపరు పరుచుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, రాలిన వెంట్రుకల్ని ఒక్కొక్కటే పక్కకి జరుపుతూ లెక్కబెట్టేవాణ్ణి. ఎగిరిపోతాయని ఫ్యాను ఆపేసేవాణ్ణి. వానలు మొహం చాటేసిన శ్రావణంలో మా నెల్లూరు జిల్లా ఏఎస్ పేటలో ఉక్కపోత ఎట్టా ఉంటుందో ఇక్కడ కాపురమున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. చెమట కారేది. తుడుచుకోవడానికి తల రుద్దుకుంటే ఇంకో మూడు రాలేవి. అవి ఏ గడిలో రాయాలో తెలియక 'ఇతరములు' అని ఇంకో గడి గీశాను.

నేను హైస్కూల్లో నేచురల్ సైన్సు చెబుతాను. మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయనీ, రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలేననీ ఎన్ని బ్యాచీలకి చెప్పానో లెక్కలేదు. తీరా నా నెత్తి దగ్గరికొచ్చేసరికి 96 వచ్చిన రోజు పండగ, 103 వచ్చిన రోజు ఇడ్లీ గొంతు దిగేది కాదు. ఒకరోజు 141 వచ్చింది. ఆ రోజు ఎనిమిదో తరగతికి చెప్పాపెట్టకుండా స్లిప్ టెస్టు.

లెక్కలో మాత్రం నిజాయితీ ఉంది. ఇంటికంతటికీ దువ్వెన ఒక్కటే. ఉదయగిరిలో చెక్క గరిటెలు కొన్నప్పుడు తెచ్చుకున్న చెక్క దువ్వెన. దాని పళ్లలో పొడుగు వెంట్రుకలు కూడా ఉండేవి. అవి నావి కావు గనక ముందే ఏరి, వేలికి చుట్టి, ఉండచేసి కిటికీలోంచి పారేసేవాణ్ణి. లెక్క కల్తీ కాకూడదు గదా.

ఇదంతా మొదలైంది పొట్టతో. వేసవి సెలవుల మొదటి వారంలో మా బామ్మర్ది పెళ్లి. కొత్త చొక్కా గుండీ తెగి, ఎగిరి, పురోహితుడి ముందున్న అక్షింతల పళ్లెంలో పడింది. ఆయన తలెత్తకుండా దాన్ని తీసి పక్కన పెట్టి మంత్రం సాగించాడు. మా మరదళ్లు మాత్రం సాగనివ్వలేదు. ఆ రాత్రే ప్రతిజ్ఞ చేశాను. ఎవరి సలహా తీసుకోలేదు, ఏ పుస్తకమూ చూడలేదు, నా అంతట నేనే ఒక డైటు కనిపెట్టాను. పొద్దున బార్లీ నీళ్లు. మధ్యాహ్నం కీరదోసకాయలు. సాయంత్రం గ్రీన్ టీ. రాత్రి ఒక్క పుల్కా. పప్పు మానేశాను, గుడ్డు మానేశాను, పెరుగు మానేశాను. ఆదివారం సోమశిల చేప తెచ్చి ఇంట్లో పులుసు పెడితే, ఆ మామిడికాయ ముక్కల వాసనకి వీధిలో పోయేవాళ్లు కూడా నడక తగ్గించేవాళ్లు. నేను మటుకు అరుగు మీద కూర్చుని, కీరకాయ కరకరలాడిస్తూ, పక్కింటి భాయ్‌కి మనోనిగ్రహం గురించి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఆయన పాపం సాంతం వినేవాడు. విన్నాక మా ఇంట్లోకి వచ్చి పులుసు గిన్నె పట్టుకెళ్లేవాడు.

రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. జారిపోతున్న ప్యాంటుని చేత్తో పట్టుకుని దర్గా వీధిలో పనిలేకపోయినా రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. ఆ తొమ్మిది కిలోలకి బిల్లు శ్రావణంలో వచ్చింది.

పాఠం చెప్పేవాడికి ఇది తట్టి ఉండాల్సింది. వెంట్రుక నెలకి దాదాపు సెంటీమీటరు చొప్పున రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పెరుగుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో పని కట్టిపెడుతుంది. ఆపైన మూడు నెలలు ఊరికే కూర్చుని రాలిపోతుంది. మామూలు రోజుల్లో నూటికి 85, 90 వెంట్రుకలు పెరిగే పనిలోనే ఉంటాయి. ఒంటికి కరువొచ్చిందనుకోండి, గుండె, మెదడు, కాలేయం ముందు. కరువొచ్చిన ఇంట్లో ఈ ఏడు గోడకి సున్నం వద్దులే అనుకోమూ? ఒంటి దృష్టిలో జుట్టు ఆ సున్నం లాంటిది. అందుకని పెరుగుతున్నవాటిలో బోలెడన్నిటికి ఒకేసారి సెలవు చీటీ రాసేస్తుంది. చీటీ అందిన మర్నాడే అవి రాలవు, రెండు మూడు నెలలు తలమీదే కూర్చుంటాయి. టైఫాయిడ్ వచ్చినా, కాన్పయినా, కడుపు మాడ్చుకున్నా జుట్టు ఊడేది అప్పుడు కాదు, ఆ సంగతి మనం మరిచిపోయాక. వైశాఖంలో చేసిన పాపం శ్రావణంలో బయటపడితే, మనిషి శ్రావణంలో ఎదురైన వాళ్లందర్నీ అనుమానిస్తాడు. నేను బోరు నీళ్లని అనుమానించాను. హెల్మెట్‌ని, దిండు గలీబుని, మా ఆవిడ మార్చిన షాంపూని అనుమానించాను. ఆఖరికి పదిహేనేళ్లుగా నాకు క్షవరం చేస్తున్నాయన కత్తెరని కూడా. కీరకాయని మటుకు అనుమానించలేదు. అది నా సొంత ఆవిష్కరణ మరి.

అనుమానాల తర్వాత వైద్యాలు. మందన్న మాట చెవిన పడితే మా జిల్లావాళ్లం ఎట్టా క్యూ కడతామో 2021లో కృష్ణపట్నంలో కరోనా మందు పంచినప్పుడు లోకమంతా చూసింది. నేను వంటింట్లోనే క్యూ కట్టాను. ఉల్లిపాయ రసం, మెంతుల ముద్ద, పెరుగులో నూరిన మందారాకు, కాలవ గట్టున పీక్కొచ్చిన గుంటగలగరాకు. ఉల్లిపాయ రసం పట్టించుకుని స్కూలుకి పోయిన సోమవారం, ముందు బెంచీ పిల్లోడొకడు ముక్కు ఎగబీల్చి "సార్, ఈరోజు పకోడీ చేస్తన్నారా?" అని ఆశగా అడిగాడు. కృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గాన్ని ఏడాదికి పైగా ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. నా ముట్టడి ఆరు నెలలు నడిచింది. పట్టుబడిందేమీ లేదు గానీ, నడినెత్తిన దుర్గం బండ మాత్రం రోజురోజుకీ బయటపడింది.

గుడ్డు సంగతి దాచిపెట్టొచ్చు. కానీ ఒప్పుకోలు అన్నాక అది లేకపోతే ఎట్టా. వెంట్రుకంటే ప్రొటీను, గుడ్డంటే ప్రొటీను, కాబట్టి గుడ్డు తలకి పట్టించండి అని ఫోనులో ఒకాయన చెప్పాడు. తర్కం ఎంత సొగసుగా ఉందో చూడండి. సైన్సు మాస్టరు నేరుగా పోయి అందులో పడ్డాడు. ఆదివారం పూట మూడు గుడ్లు కొట్టి, గిలక్కొట్టి, తలంతా పట్టించి వసారాలో ముప్పావుగంట కూర్చున్నాను. ఈగలొచ్చాయి. చీమలొచ్చాయి. పక్కింటి కోడి గుమ్మం దాకా వచ్చి, మెడ పక్కకి వంచి, నన్ను కాసేపు చూసి వెళ్లిపోయింది. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. తర్వాత బాత్రూములోకి పోయి, బాగా కాగిన నీళ్లు చెంబుతో తీసి నెత్తిన పోసుకున్నాను. తెల్లసొన మీద వేణ్ణీళ్లు పోస్తే ఏమవుతుందో ఆరో తరగతి పిల్లోణ్ణి లేపి అడిగినా చెబుతాడు. నెత్తి చురుక్కుమంది, ఆ వెంటనే గుడ్డు గడ్డకట్టింది. చెవి వెనక ఒక ముక్క, మెడ మీద రెండు, నడినెత్తిన పొరలు పొరలుగా మిగతాది. దువ్వెన పెట్టి లాగితే ఆమ్లెట్‌తో పాటు జుట్టూ వచ్చింది. ఆ రోజు మొత్తం 167. 'ఇతరములు' గడిలో ఏమీ రాయలేదు, సిగ్గేసి.

ఆవిడ వచ్చి చన్నీళ్లు పోసి, గోళ్లతో ఒక్కో ముక్కా తీసింది. మధ్యలో రెండుసార్లు ఆగి గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. "ఆ మూడు గుడ్లూ పెనం మీద వేసుంటే ఇంటిల్లిపాదీ తినుండేవాళ్లం గదండీ" అంది. నాకది వెటకారంలాగా వినబడింది.

ఆమె అన్నదాంట్లో పాఠమంతా ఉంది. తలపైన కనబడే వెంట్రుక ప్రాణం లేని కెరటిన్ పోగు. ప్రాణం చర్మం కిందున్న కుదురులో ఉంటుంది. ఆ కుదురుకి కూడు మోసుకొచ్చేది రక్తం. గుడ్డు అక్కడికి చేరాలంటే నోరు తప్ప వేరే దారి లేదు. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీను ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం అరవై కిలోల మనిషికి రోజుకి దాదాపు 50 గ్రాములు కావాలి. కీరకాయలో ఉండేది నీళ్లు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినవి పిల్లలకి చెప్పడానికేనని అనుకున్నట్టున్నాను.

ఇక మా అమ్మ. రెండు నెలలు నా లెక్కలన్నీ మంచం మీంచి చూసింది. ఒకనాడు "అబ్బయా, శుక్రవారం దర్గాకి పోయి రారా" అంది. ఖాజా నాయబ్ రసూల్ దర్గాకి తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు, మతం పట్టింపు లేకుండా. "జుట్టు కోసం కూడా మొక్కుకుంటారా అమ్మా?" అన్నాను. "జుట్టు కోసం కాదు నాయనా. బుద్ధి స్థిమితం లేనోళ్లని తెచ్చి నలభై రోజులు పెడతారు గదా, అందుకు" అంది. నిజంగానే పోయాను. అక్కడ పడుకోబెట్టిన పిల్లల్నీ, వాళ్ల తల్లుల్నీ చూశాక, నా మొక్కు ఏమిటో నోటితో అనలేక ఊరికే దణ్ణం పెట్టుకుని వచ్చేశాను. బయట అంగడిలో టోపీ ఒకటి కొన్నాను.

తర్వాత బయోటిన్ మాత్రలు. ఒంటికి రోజుకి కావాల్సింది 30, 40 మైక్రోగ్రాములు. నేను కొన్న సీసా మీద మాత్రకి 10,000 అని ఉంది. ఎక్కువుంటే ఎక్కువ మొలుస్తాయనుకున్నాను, యూరియా లాగా. అసలు బయోటిన్ లోపం రావడమే అరుదు. ఆ పైన అంత మోతాదు మింగుతూ రక్త పరీక్ష చేయించుకుంటే కొన్ని ఫలితాలు తారుమారవుతాయి. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే ఈ సంగతి హెచ్చరించింది. నా థైరాయిడ్ పరీక్షలో నా గ్రంథి పందెం ఎద్దులా పరిగెడుతున్నట్టు వచ్చింది. మాత్రలు ఆపి కొన్నాళ్లాగి మళ్లీ చేయిస్తే మామూలు బండెద్దే. పోషకాలు ఎంత మింగితే అంత మంచిదనుకోవడానికి లేదు. విటమిన్ ఎ మితిమీరినా జుట్టు ఊడుతుంది, సెలీనియం మితిమీరినా ఊడుతుంది. 2024 చివర, 2025 జనవరిలో మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లాలో కొన్ని ఊళ్ల జనానికి రోజుల వ్యవధిలో గుండ్లు అయిపోతే ఢిల్లీ నుంచి ఐసీఎంఆర్ వాళ్లు దిగారు. తినే గోధుమల్లో సెలీనియం మోతాదు మించి ఉందని ఒక వైద్యుడు పరీక్షలు చేయించి చెప్పాడు. ఆ వార్త చదివి నేను వారం రోజులు ఇంట్లో చపాతీలు బంద్ చేయించాను. మేము తినేది రేషను బియ్యమని ఆవిడ గుర్తు చేసేదాకా.

సంక్రాంతి ముందు నెల్లూరులో చర్మవైద్యురాలి దగ్గరికి పోయాను. పండక్కి బట్టలు తీసుకోవాలని ఆవిడ కూడా వచ్చింది. నేను రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ నాలుగు పేజీలు శ్రద్ధగా తిప్పింది.

"ఇవన్నీ మీరే లెక్కబెట్టారా?"

"అవునండీ."

"ఉద్యోగం చేస్తున్నారా, మానేశారా?"

తల వంచమని లైటు వేసి చూసింది. నా నెత్తిన రెండు కథలు నడుస్తున్నాయని తేల్చింది. ఒకటి డైటు దెబ్బ. అది ఆరు నెలల్లోపు తనంతట తానే సర్దుకుంటుంది, ఇప్పటికే సర్దుకుంటోంది. కార్తీకం నుంచి నా లెక్కలు తగ్గింది అందుకే. నేనేమో ఆ ఘనత గుంటగలగరాకు ఖాతాలో వేశాను. రెండోది వంశం. కణతల దగ్గరా, నడినెత్తినా పలచబడేది మగ హార్మోను పని. తండ్రివైపు నుంచీ రావొచ్చు, తల్లివైపు నుంచీ రావొచ్చు. రాగిసంగటి తిన్నా, రాజభోగం తిన్నా అది ఆగదు. కావాలంటే మందులున్నాయి, వాటిలో ఒకటి మొదట రక్తపోటుకి వాడిందే. "మీ నాన్నగారికి జుట్టు ఎట్టా ఉండేది?" అని అడిగింది. ఆలోచించాను. ఇంట్లో ఉన్న ప్రతి ఫోటోలోనూ మా నాన్న తలపాగాతోనే ఉంటాడు. మెట్ట సేద్యం, ఎండ ఎక్కువ, అందుకని ఇన్నేళ్లూ అనుకున్నాను. రాత్రిపూట తీసిన పెళ్లి ఫోటోలో కూడా తలపాగా ఎందుకో అప్పుడు అర్థమైంది.

రిజిస్టరు మూయబోతూ డాక్టరమ్మ ఆగింది. "ఇంట్లో దువ్వెన ఒక్కటేనా?"

"ఒక్కటే. కానీ పొడుగువన్నీ తీసేశాకే లెక్కబెట్టానండీ, తేడా రాదు."

"పొడుగువి ఎన్ని?"

నోరు పెగల్లేదు. "లెక్కబెట్టలేదండీ. రోజూ... ఒక ఉండ అయ్యేవి."

ఆమె నన్ను వదిలేసి కుర్చీ ఆవిడ వైపు తిప్పింది. బొటనవేలితో కింది కనురెప్ప లాగి చూసింది. నేనూ తొంగి చూశాను. ఎర్రగా ఉండాల్సిన చోటు ఉతికి ఆరేసిన పంచెలా ఉంది. గోళ్లు చూసింది. మెట్లెక్కితే ఆయాసమా అని అడిగింది. అవునంది. ఎన్నాళ్లుగా అంటే, ఆవిడ నా వైపు చూసి "ఏడాది పైనే" అంది. నాకు ఎన్నిసార్లు చెప్పిందో, చెప్పినప్పుడల్లా నేను బీ కాంప్లెక్సు వేసుకోమన్నానో ఆవిడ డాక్టరమ్మకి చెప్పలేదు. ఇక్కడ నేను చెబుతున్నాను.

హిమోగ్లోబిన్ 8.2. ఆడవాళ్లకి 12 ఉండాలి. ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటింది.

నవ్వొచ్చే సంగతి ఒకటుంది. వారానికోసారి మా స్కూల్లో పిల్లలకి నీలం రంగు ఐరన్ మాత్రలు పంచేది నేనే. మింగారో లేదో నోరు తెరిపించి చూసేదీ నేనే. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత చెప్పిన సంగతి బోర్డు మీద రాసిందీ నేనే. ఆ యాభై ఎనిమిదిలో ఒకరు నాకు రోజూ క్యారియరు కట్టి పంపుతున్నారని తట్టలేదు. మగాడికి రోజుకి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, ఆడమనిషికి 29. నెలనెలా పోయే రక్తం పూడాలి గదా. మా ఇంట్లో పంపకం దీనికి సరిగ్గా తలకిందులు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చుని ఆవిడ ఏం తింటుందో గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు. ఆవిడ తింటుండగా నేను చూసి ఎన్నాళ్లయిందో కూడా గుర్తు రాలేదు. అందరం తిన్నాకే తినేది. అడిగితే చెప్పింది: పొద్దున టీ, పదకొండింటికి మిగిలిన ఇడ్లీలు పచ్చడితో, వెంటనే ఇంకో టీ. మధ్యాహ్నం అన్నం, చారు, మజ్జిగ. మళ్లీ టీ. శనివారం ఒక్కపొద్దు. మా పిల్లలకి బడిలో వారానికి ఐదు గుడ్లు పెడుతున్నారు. ఇంట్లో గుడ్లు డైటు మానేశాక నాకు రెండేసి, ఒక ఆదివారం నా నెత్తికి మూడు. చేప ముక్కలు మాకు, పులుసు ఆవిడకి. జుట్టుకి పోషకాహారం మీద ఆ ఇంట్లో ఒక మనిషి ఆరు నెలలు పరిశోధన చేశాడు.

ఎనిమిదిలో ఉన్న రక్తం వట్టి కూరాకులతో పన్నెండుకి ఎక్కదని డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు రాసింది, నెలసరి ఎక్కువగా ఉందంటే దానికి వేరే డాక్టరుకి చూపించమంది. టీ భోజనానికి గంట ముందో గంట తర్వాతో తాగమంది. అన్నంతో పాటు తాగితే ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. నిమ్మకాయలకి మా జిల్లాలో కరువా? ఇప్పుడు పప్పులో మునగాకు పడుతోంది, కంచంలో నిమ్మ చెక్క ఉంటోంది, వారానికి రెండు రోజులు రాగిసంగటి. చేప ముక్క ముందు ఆవిడ కంచంలో వేస్తున్నాను. మొదట్లో తీసి మళ్లీ నా కంచంలో వేసేది. "కీరకాయ తింటారా మరి?" అనేది.

ఉగాదికి రిజిస్టరు మళ్లీ తీశాను. మాత్ర, గుడ్డు, టీ వేళ అని కొత్త గడులు గీస్తుంటే ఆవిడ చేతిలోంచి లాక్కుంది. "నన్నూ గడుల్లో పెట్టొద్దు. గుడ్డు ఉడకబెట్టండి చాలు" అంది. మిగిలిన కాగితాలు చింపి చాకలి పద్దుకి వాడుతోంది.

మూడు నెలల మాత్రల తర్వాత ఆత్మకూరులో ఆవిడకి మళ్లీ పరీక్ష చేయిస్తే 11.3 వచ్చింది. ఇంకో మూడు నెలలు ఆపొద్దన్నారు. పాపిట పొడుగునా వేలి కణుపంత లేతజుట్టు నిక్కబొడుచుకుని ఉంది, ఎంత నూనె పెట్టినా అణగదు. నాకు వంశం ప్రకారం జరగాల్సింది జరుగుతోంది, దర్గా బయట కొన్న టోపీ తలకి సరిపోయింది. దువ్వెన ఇంట్లో ఇప్పటికీ ఒక్కటే.